తలకు దెబ్బ తగిలాక - ఇంట్లో చేయించవలసిన కసరత్తు



ఇంట్లో ఎవరికైనా కాలు విరిగిందంటే మన ఆడవాళ్లకు లెక్క తెలుసు. కట్టు కడతారు. ఆరు వారాలో ఎనిమిది వారాలో మంచం దగ్గరికే అన్నీ అందిస్తాము. కట్టు విప్పాక నాలుగు రోజులు కుంటి, ఆ తర్వాత మనిషి తన పని తాను చూసుకుంటాడు. తలకు దెబ్బ తగిలితే ఈ లెక్క పనికి రాదు. ఆసుపత్రివాళ్లు ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపిన రోజునే మన పని మొదలవుతుంది. దాన్ని ఫిజియోథెరపీ అంటారు. మన మాటల్లో కసరత్తు అనుకుందాం. ఈ కసరత్తు ఎందుకు, ఎట్లా, ఎన్నాళ్లు అన్నది ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానంటే, మన వైపు తలదెబ్బలకు ఒక కాలం ఉంది. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతర వస్తుంది. (మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరే జిల్లా అయింది గాని మన నోటికి ఇంకా వరంగల్ మేడారమే.) బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ఈ నాలుగు రోజులూ, వాటికి ముందూ వెనకా, ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా పోయే ఆ అడవి దారి నిండా బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు. నిద్ర లేని కళ్లు, రాత్రి ప్రయాణాలు. ఒక బండి మీద ముగ్గురు, మధ్యన బెల్లం బుట్ట. జాతర రోజుల్లో మేడారంలో టి.టి.డి. కల్యాణమండపంలో తాత్కాలికంగా ఆసుపత్రి పెడతారు, దారి పొడుగునా వైద్యశిబిరాలు ఉంటాయి. అంత చేసినా, పోయేటప్పటి జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు కదండీ.

మా వాడకట్టులోనే ఒక అబ్బాయి 2022 జాతర నుంచి తిరిగి వస్తూ ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని వెనక నుంచి గుద్దాడు. ముప్పై నాలుగేళ్లవాడు. ట్రాలీకి వెనక దీపం లేదు. ఇతని హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. పేర్లు వద్దు. భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది, ఇద్దరు చిన్న పిల్లలు, అత్తగారు కూడా ఉంటారు. దెబ్బ తలకు ఎడమ పక్కన తగిలింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు. మాట ముద్దముద్దగా, సగం సగం వస్తోంది. "తలకు తగిలితే కాలు ఎందుకు పడిపోయింది?" అని వాడకట్టంతా అడిగింది. అత్తగారైతే కాలికి కూడా ఎక్స్‌రే తీయించమని పట్టుబట్టింది.

ఇక్కడే మనం మొదటి సంగతి తెలుసుకోవాలి. కాలిలో ఏమీ పాడు కాలేదు. బల్బు బాగానే ఉంది, తీగ బాగానే ఉంది, మెయిన్ బోర్డు కాలిపోయింది. మన మెదడులో ఎడమ సగం ఒంట్లో కుడి సగాన్ని నడిపిస్తుంది, కుడి సగం ఎడమ సగాన్ని నడిపిస్తుంది. చాలామందికి మాట పుట్టే చోటు కూడా ఎడమ పక్కనే. అందుకే అతనికి చెయ్యి, కాలు, మాట మూడూ కలిసి పోయాయి. వేరేవాళ్లకు వేరేలా ఉండవచ్చు. ఒకరికి కాళ్లూ చేతులూ కదులుతాయి గాని నిలబడితే తూలిపోతారు. ఒకరికి ఒంట్లో ఏ లోపమూ కనిపించదు గాని కోపం పట్టలేరు, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు.

మరి కాలిపోయిన బోర్డు బాగవుతుందా అంటే, మెదడులో చచ్చిపోయిన కణాలు చాలావరకు మళ్లీ పుట్టవు. అయినా మనిషి కోలుకుంటాడు. ఎట్లా? జంపన్న వాగు లాంటి వాగు వానాకాలంలో పొంగి ఊరి దారి కొట్టుకుపోయిందనుకోండి. ఊళ్లోవాళ్లు ఊరికే కూర్చోరు. పొలం గట్ల మీదుగా, తుప్పల పక్క నుంచి ఒకడు నడుస్తాడు. వాడి వెనక ఇంకొకడు. మొదట గడ్డి అణుగుతుంది, తర్వాత కాలిబాట పడుతుంది, కొన్నాళ్లకు ఎడ్లబండి కూడా పోతుంది. మెదడు కూడా అంతే. పాత దారి పోయినప్పుడు మిగిలిన భాగాలు కొత్త దారి వేసుకుంటాయి. అయితే నడిస్తేనే బాట పడుతుంది. ఒకే కదలికను వందలసార్లు చేయించడం ఎందుకంటే ఇందుకే. పొద్దున పదిసార్లు చెయ్యి లేపించి ఇవాళ్టికి అయిపోయిందనుకుంటే ఆ బాట మీద మళ్లీ గడ్డి మొలుస్తుంది.

తొలి రోజుల్లో మనిషి మంచం మీదే ఉంటాడు. స్పృహ కూడా సరిగా ఉండకపోవచ్చు. ఆ దశలో కసరత్తు ఏమిటండీ అంటారేమో. పక్కకు తిప్పడమే కసరత్తు. రెండు గంటలకోసారి భంగిమ మార్చాలి. ఒకే చోట ఒత్తిడి పడితే నడుం కింద, మడమల మీద చర్మం చితికి పుండు పడుతుంది. మానడానికి నెలలు పడుతుంది. ఎప్పుడూ వెల్లకిలా పడుకునేవారికి ఊపిరితిత్తుల్లో కఫం చేరి నిమోనియా వస్తుంది. మా పక్కింటి అమ్మాయి గోడ మీద బొగ్గుతో గంటలు రాసి పెట్టుకుంది. కుట్టుపని చేసుకుంటూనే గడియారం చూసి లేచేది. మెచ్చుకోవలసిన పద్ధతి.

ఆ తర్వాత కీళ్లు. కదలని కీలు బిగుసుకుపోతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు మొదట చెయ్యీ కాలూ వేలాడిపోయినట్లు మెత్తగా ఉండి, కొన్ని వారాలకు కొయ్యబారినట్లు బిగుసుకుంటాయి. మోచెయ్యి మడుచుకుంటుంది, పిడికిలి ముడుచుకుంటుంది, పాదం కిందికి వాలి మడమ వెనక నరం కురుచబడుతుంది. ఆ నరం కురుచబడిందంటే తర్వాత కాలికి బలం వచ్చినా పాదం నేలకు ఆనదు. నిలబడడానికి వీలుండదు. అందుకని భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, తుంటి, మోకాలు, చీలమండ - ఒక్కొక్క కీలునూ రోజూ నెమ్మదిగా పూర్తిగా చాచి, మడిచి, తిప్పాలి. గుంజకూడదు. నొప్పితో మొహం ముడుచుకున్న చోట ఆపాలి. ఎంతవరకు తిప్పాలో ఫిజియోథెరపిస్టు మీ చేత ఒకసారి చేయించి చూపిస్తారు. చూసి నేర్చుకుంటే చాలదు, ఆయన ఎదుట మీ చేత్తో చేసి చూపించండి.

భుజం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మన ప్రేమే హాని చేస్తుంది. పడిపోయిన చెయ్యి బరువుకు భుజం కీలు కొద్దిగా కిందికి జారి ఉంటుంది. మనం మనిషిని లేపేటప్పుడు ఏం చేస్తాం? చెయ్యి పట్టి లాగుతాం, లేకపోతే చంకలో చెయ్యి వేసి ఎత్తుతాం. దాంతో కీలు ఇంకా జారుతుంది. అక్కడి నుంచి ఆ భుజం నొప్పి నెలల తరబడి వదలదు. ఆ నొప్పికి భయపడి మనిషి కసరత్తే మానేస్తాడు. పడిపోయిన చెయ్యిని ఎప్పుడూ లాగవద్దు. కూర్చున్నప్పుడు ముంజెయ్యి కింద దిండు పెట్టండి. లేపాలంటే నడుముకు గట్టి తువ్వాలు బిగించి కట్టి, ఆ తువ్వాలు పట్టుకోండి. నిలబడవలసింది బలహీనంగా ఉన్న పక్కన. కుర్చీలో నుంచి లేచేటప్పుడు ముందు పాదాలు రెండూ నేలకు ఆనించి, మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టించి, ముక్కు బొటనవేళ్ల దాకా వచ్చేంతగా ముందుకు వంగమనాలి. అప్పుడు పిరుదులు వాటంతట అవే లేస్తాయి. మీ నడుముకీ సుఖం. ఇంటికి రోగి వచ్చిన నెలకల్లా ఇల్లాలికి నడుంనొప్పి రావడం ఎన్ని ఇళ్లల్లో చూడలేదు!

పడుకున్న మనిషిని కూర్చోబెట్టడం, కూర్చున్నవాణ్ణి నిలబెట్టడం, నిలబడ్డవాణ్ణి నడిపించడం - ఈ మూడు మెట్లలో చాలామంది మధ్య మెట్టు దాటేస్తారు. నడక మీద అంత ఆత్రం. మంచం అంచున కాళ్లు కింద ఆనించి, చేతులు పట్టుకోకుండా పది నిమిషాలు నిటారుగా కూర్చోలేనివాణ్ణి ఇద్దరు చెరో రెక్కా పట్టి ఈడ్చుకుంటూ నడిపిస్తే అది నడక కాదు. నడుం నిలవాలి, తల నిలవాలి, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారడం రావాలి. దీనికి వంటిల్లు మంచి చోటు. నడుం ఎత్తు గట్టు ఉంటుంది, పట్టుకోవడానికి ఆసరా. గట్టుకు ఎడమ చివర ఉన్న గ్లాసులు ఒక్కొక్కటే కుడి చివరకు చేర్చమనండి. చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది గాని బరువు మార్చడం దాంట్లోనే వస్తుంది. మొదటిసారి కూర్చోబెట్టినప్పుడూ, నిలబెట్టినప్పుడూ కళ్లు తిరుగుతాయి. ఒక్కసారిగా లేపవద్దు.

ఇక చెయ్యి. కాలి కంటే చెయ్యి ఆలస్యంగా వస్తుంది. వేళ్లు ఇంకా ఆలస్యం. ఇంట్లో గొడవలు కూడా చెయ్యి దగ్గరే వస్తాయి, అన్నం తినడం దగ్గర. మన ఇళ్లలో ఎడమ చేత్తో అన్నం తినడమంటే ఒప్పరు కదా. అందుకని మొదటి రోజు నుంచీ తల్లో, పెళ్లామో కలిపి ముద్దలు పెడతారు. పక్కింట్లోనూ అత్తగారు అట్లాగే పెడుతూ వచ్చింది. రెండో నెలలో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు కుర్రవాడు చెప్పాడట, ఇక తినిపించడం ఆపండి, కుడి చేత్తో ఎంత వస్తే అంత తిననివ్వండి అని. ఆ అమ్మాయి ఆపింది. మెత్తగా పిసికిన పప్పన్నం లోతు గిన్నెలో పెట్టి ఎదురుగా కూర్చునేది. ముద్ద నోటి దాకా పోయి జారేది, బట్టల మీద పడేది, అతను ఏడ్చేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి అత్తగారు గొంతెత్తి అరుస్తోంది. "నా కొడుకు ముద్ద అందక ఏడుస్తుంటె చూసుకుంట కూసుంటవా? నీకు మనసెట్లొప్పుతున్నదే?" ఆ పిల్ల తల ఎత్తకుండా అన్నది: "ఇయ్యాల నేను తినిపిస్తె రేపు ఆ చెయ్యి లేవదంట అత్తమ్మా." అని కొంగుతో ఆమె కూడా కళ్లు తుడుచుకుంది.

ఎవరిది తప్పని చెబుతారు? ఆ పెద్దామెది తల్లి మనసు. అయినా నేను కోడలి పక్షమే. దానికి శాస్త్రం కూడా ఉంది. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త కోతుల మీద పరిశోధనలు చేసి ఒక సంగతి కనిపెట్టాడు. దెబ్బ తగిలిన కొత్తలో చెయ్యి పనిచేయదు. ప్రయత్నించిన ప్రతిసారీ ఓడిపోవడంతో మెదడు ఆ చెయ్యిని వాడడమే మానేస్తుంది. తర్వాత లోపల కొంత శక్తి తిరిగి వచ్చినా, ఆ మానేసిన అలవాటు మాత్రం పోదు. వాడకపోవడం కూడా నేర్చుకున్న విద్యేనన్న మాట. అందుకని ఆయన బాగున్న చేతికి సంచీలాంటి తొడుగు వేసి కట్టిపెట్టి, బాగాలేని చేతి చేతనే రోజుకు కొన్ని గంటలు పనులు చేయించే పద్ధతి తెచ్చాడు. వేళ్లలో కొంతైనా కదలిక ఉన్నవారికే ఇది పనికివస్తుంది. మీ అంతట మీరు చెయ్యి కట్టేయకండి, తూలినప్పుడు ఆసరా పట్టుకోవడానికి అదే కావాలి. తెలిసినవాళ్ల పర్యవేక్షణలో చేయించాలి. కాని దానిలోని మూల సూత్రం ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. అతను చేయగలిగింది మీరు చేసిపెట్టవద్దు.

ఇంకో కథ చెబుతాను, ఇది ఆడమనిషి కథ. పాట్రీషియా నీల్ అని హాలీవుడ్‌లో పెద్ద నటి. 1964లో ఉత్తమ నటిగా ఆస్కారు అందుకున్నది. ఆ మరుసటి ఏడాది, 1965 ఫిబ్రవరిలో, గర్భవతిగా ఉండగా మెదడులో రక్తనాళాలు చిట్లాయి. ఇది దెబ్బ తగిలి వచ్చింది కాదు, అయినా మెదడుకు జరిగిన నష్టం ఒకటే. మూడు వారాలు స్పృహ లేదు. లేచేసరికి కుడి పక్క పడిపోయింది, మాటలు పోయాయి. భర్త రోల్డ్ డాల్, పిల్లల కథలు రాసిన ఆయనే, ఇంగ్లండులో తమ ఊరికి తీసుకువచ్చి ఇరుగుపొరుగు వాళ్లను పోగుచేశాడు. వాళ్లు వంతులు వేసుకుని రోజూ గంటల తరబడి ఆమె దగ్గర కూర్చునేవారు. చదివించడం, లెక్కలు చేయించడం, పేర్లు చెప్పించడం. వాళ్లెవరూ డాక్టర్లు కాదు. ఏదైనా కావాలంటే దాని పేరు చెబితే గాని భర్త ఇచ్చేవాడు కాదట. ఆమె అతన్ని తిట్టుకునేది. ఆగస్టులో బిడ్డను కన్నది, 1968లో మళ్లీ సినిమాలో నటించింది, దానికి ఆస్కారు పోటీలో నిలిచింది. ఆ పొరుగువాళ్లలో వాలరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆమె ఆ అనుభవం మీద పుస్తకం రాసింది. ఆ పద్ధతిలోనే తర్వాత ఇంగ్లండులో స్వచ్ఛందసేవకులు ఇలాంటి రోగుల దగ్గరికి వెళ్లి కూర్చోవడం మొదలైంది.

రోల్డ్ డాల్ నాకు కొంచెం కఠినుడుగానే కనిపిస్తాడు. ఆయన కఠినత్వం కంటే ఆ ఇరుగుపొరుగు వంతులే నాకు ఎక్కువ నచ్చాయి. మన వాడల్లో రోగిని చూడడానికి అందరం వెళ్తాము. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా పట్టుకుని వెళ్లి, "అయ్యో ఎట్లాంటి మనిషి ఎట్లా అయ్యాడు" అని అతని ఎదుటే అనేసి వస్తాము. దానికి బదులు వారానికి రెండు సాయంత్రాలు గంటసేపు మీరు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిపిస్తే, ఆ ఇల్లాలు ఆ గంట పడుకుంటుంది.

అవును, చిక్కుడుకాయలే. కసరత్తుకు ఖరీదైన సామాను అక్కర లేదు. వెల్లుల్లి రెబ్బలు ఒలవడం, బియ్యంలో రాళ్లు ఏరడం, పప్పు డబ్బాల మూతలు తిప్పి తీయడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, రుమాళ్లు మడత పెట్టడం, చపాతీ పిండి కలపడం - వేళ్లకు ఇంతకంటే మంచి పని ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది? పలక మీద చుక్కలు పెట్టి కలపమనండి. ఆడవాళ్లయితే ముగ్గు. వాళ్లకు ఇదివరకు అలవాటైన పని అయితే ఇంకా మంచిది, మెదడుకు ఆ దారి ఆనవాలు ఉంటుంది. కత్తిపీట, పొయ్యి దగ్గరికి మాత్రం చాలా రోజులు పోనివ్వకండి. చాలామంది రబ్బరు బంతి కొని పిసకమని ఇస్తారు. పిడికిలి అప్పటికే బిగుసుకుపోయి ఉంటే బంతి పిసకడం వల్ల ఇంకా బిగుసుకోవచ్చు. వాళ్లకు కావలసింది వేళ్లు తెరవడం. బంతి ఇవ్వాలో వద్దో అడిగి ఇవ్వండి. అలసట కూడా చూడాలి. దెబ్బ తిన్న మెదడు త్వరగా అలిసిపోతుంది. గంటన్నర ఏకబిగిన చేయించే బదులు ఇరవై నిమిషాల చొప్పున నాలుగు సార్లు చేయించండి.

ఇక మాలిష్ సంగతి. నూనె రాసి మృదువుగా నిమిరితే తప్పేమీ లేదు. ఒంటికి హాయి, మనసుకు హాయి. మాలిష్ వల్ల చెయ్యి వస్తుందనుకుని కసరత్తు మానితేనే నష్టం. బిగుసుకున్న చెయ్యిని గట్టిగా పిసికి, విరిచి చాచేవాళ్ల జోలికి పోవద్దు. పావురం నెత్తురు రాయమని చెప్పేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. దాని వల్ల ఏ ప్రయోజనమూ లేదు. నెత్తురుకు, మూటమందులకు పోసే డబ్బుతో కొన్నాళ్లు ఫిజియోథెరపిస్టును పిలిపించుకోవచ్చు. కాపడం ఇంకా ప్రమాదం. పడిపోయిన పక్కన స్పర్శ తక్కువగా ఉంటుంది. ఉప్పు మూట కాలుతున్నా తెలియదు. బొబ్బలు లేచాక మనం చూస్తాము. కాళ్లకు నూనె రాసి నున్నటి గచ్చు మీద నడిపించడం కూడా వద్దు. తుడిచి, జారని చెప్పులు వేయండి. లుంగీ కాళ్లకు అడ్డం పడుతుంది, నిక్కరో పైజమానో మేలు.

అన్నం, నీళ్ల దగ్గర ఒక హెచ్చరిక. కొందరికి మింగే కండరాలు కూడా బలహీనపడతాయి. మామూలు నీళ్లే అన్నిటికంటే త్వరగా పొరబోతాయి. చిక్కటి గంజి, మెత్తటి అన్నం సులువు. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు. ప్రతి ముద్దకూ దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు తడితడిగా పలికినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కసరత్తుకు రానిదీ, అన్నిటికంటే ఇల్లాలిని ఏడిపించేదీ ఒకటుంది. మనిషి మారిపోవడం. నెమ్మదస్తుడు బూతులు తిడతాడు, పిల్లల మీద చెయ్యెత్తుతాడు, చెప్పిన మాటే పదిసార్లు చెబుతాడు. పక్కింటి అబ్బాయి ఒకసారి కసరత్తు చేయించబోతే గ్లాసు విసిరాడు. అది అతని కోపం కాదు, దెబ్బ తిన్న మెదడు అదుపు తప్పడం. ఎదురు వాదించవద్దు. టీవీ ఆపి, జనాన్ని పంపి, కాసేపు వదిలేసి, మళ్లీ మొదలుపెట్టాలి. రోజూ ఒకే వేళకు ఒకే వరసలో పనులు జరిగితే ఈ చిరాకు తగ్గుతుంది. పిల్లలకు కూడా చెప్పి ఉంచండి, నాన్నకు తలలో గాయం ఇంకా మానలేదని. పై గాయం మానిపోయిందని వాళ్లు అంతా అయిపోయిందనుకుంటారు. కొట్టేదాకా వస్తే మాత్రం ఓర్చుకుని ఊరుకోవద్దు. డాక్టరుకు చెప్పాలి, దానికీ మందులున్నాయి.

ఎన్నాళ్లు అని అడుగుతారు. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. తర్వాత మందగిస్తుంది గాని ఆగదు. రెండేళ్ల దాకా, కొందరికి ఆ పైన కూడా మెరుగు కనిపిస్తూనే ఉంటుంది. అందరూ పూర్తిగా మామూలు కారు. ఈ మాట ముందే తెలిసి ఉండడం మంచిది. రెండేళ్లంటే మనకు ఒక జాతర నుంచి ఇంకో జాతర. పక్కింటి పెద్దామె ఆ లెక్కే పెట్టుకుంది, వచ్చే జాతరకు కొడుకు నడిచి వస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని. మనిషెత్తు బెల్లమండీ. అయిదో నెలలో అతను కర్రతో గుమ్మం దాటాడు. ఏడాదికి వేళ్లు తెరుచుకున్నాయి. 2024 ఫిబ్రవరి 21న జాతర మొదలైంది. వీళ్లు పది రోజులు ముందే వెళ్లి వచ్చారు. తూలే మనిషిని ఆ జనంలోకి తీసుకుపోకూడదని కోడలే పట్టుబట్టింది. బెల్లం దుకాణం దగ్గర కాటా మీద తన కాళ్ల మీద తానే నిలబడ్డాడట. కర్ర భార్య చేతిలో ఉంది. ఇవాళ్టికీ కుడి చేత్తో సంతకం సరిగా రాదు. మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. పాత ఉద్యోగానికి పోలేదు, ఇంటి ముందర చిన్న కిరాణా పెట్టుకున్నాడు. అన్నం మాత్రం తన చేత్తోనే తింటాడు.

హెల్మెట్ గురించి చెప్పకుండా ఎట్లా? సినీనటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర మోటారు సైకిల్ మీద నుంచి పడ్డారు. నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. హెల్మెట్ వల్లనే బతికానని ఆయనే చెప్పారు. మాట కూడా మళ్లీ కూడదీసుకోవలసి వచ్చిందన్నారు. 2023లో 'విరూపాక్ష'తో మళ్లీ తెర మీదికి వచ్చారు. హెల్మెట్ పెట్టుకుంటే తలకు గాయమయ్యే ప్రమాదం దాదాపు 69 శాతం, చనిపోయే ప్రమాదం 42 శాతం తగ్గుతాయని అనేక దేశాల పరిశోధనలను కలిపి లెక్క వేసినవారు తేల్చారు. బండి వెనక కూర్చునే మనకూ కావాలి. కొప్పు చెదురుతుందని, పూలు నలుగుతాయని వద్దనుకుంటాము. పూలు దిగాక పెట్టుకోవచ్చు.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, మన వాళ్లు మొట్టమొదట చేసే పని అదే. మెడ కదపకుండా ఉంచాలి. సాయం చేసినవాళ్లను కేసులో ఇరికిస్తారన్న భయం అక్కర లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి సాయం చేసినవారికి రక్షణ కల్పించారు.

ఇంట్లో పెద్దవాళ్లు బాత్‌రూములో పడినా ఇదే సంగతి. ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు. పడ్డ రోజున ఏమీ ఉండదు, మూడు నాలుగు వారాలకు నడక తడబడుతుంది, మతిమరుపు వస్తుంది. వయసు వల్లనే అనుకుని వదిలేస్తాము. లోపల నెమ్మదిగా రక్తం కారుతూ ఉండవచ్చు. స్కానింగ్ చేయిస్తే తెలుస్తుంది, ఆపరేషన్ చేస్తే చాలామంది బాగవుతారు.

కసరత్తు చేయిస్తున్న రోజుల్లో తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, వాంతులు అయినా, ఎప్పుడూ మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ముక్కులో నుంచో చెవిలో నుంచో నీళ్లలాంటిది కారినా, వచ్చిన బలం మళ్లీ పోతున్నట్లున్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మూర్ఛ మాత్రలు చెప్పకుండా మానవద్దు. కొందరికి ఆపరేషన్లో పుర్రె ఎముక ముక్క తీసి, తర్వాత అతికించడానికి కడుపు చర్మం కింద దాచిపెడతారు. ఆ చోట తల మెత్తగా ఉంటుంది. అటు పక్కకు తిప్పి పడుకోబెట్టకూడదు. నడిపించేటప్పుడు తలకు రక్షణగా ఏం పెట్టాలో డాక్టరుగారు చెబుతారు.

ఇవన్నీ ఎవరు నేర్పుతారంటే, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి. మన వరంగల్లు వాళ్లకు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, అదే మన ఎం.జి.ఎం., ఉంది. హైదరాబాదు పంజాగుట్ట నిమ్స్ ఒకప్పుడు నిజాం ఎముకల ఆసుపత్రి, ఫిజియోథెరపీ చదువు కూడా అక్కడ ఉంది. ఇంటికి వచ్చేవారిని పెట్టుకుంటే ఫిజియోథెరపీ డిగ్రీ ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. రోజూ పిలిపించుకునే స్తోమత లేకపోతే పదిహేను రోజులకోసారి చూపించి, కొత్త కసరత్తులు నేర్చుకుని, ఇంట్లో మీరు చేయించవచ్చు. పక్కింటి అమ్మాయి రెండు నెలల తర్వాత అట్లాగే చేసింది.

డిశ్చార్జి రోజున బిల్లు హడావుడిలో అసలు విషయాలు అడగడం మరిచిపోతాము. పక్కింటి వాళ్లకు కసరత్తు సంగతి చెప్పకుండానే పంపించారు, మూడు వారాలు వృథా అయ్యాయి. అందుకని కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ పక్కకు పడుకోబెట్టకూడదు? ఏమేం మింగవచ్చు? ఏ కీలు ఎంతవరకు తిప్పాలి? ఏ రోజు నుంచి నిలబెట్టవచ్చు? మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి? ఫిజియోథెరపిస్టు చూపించిన ప్రతి కసరత్తునూ ఫోనులో వీడియో తీసుకోండి. ఇంటికి వచ్చాక మీరు చేయించేది కూడా నెలకోసారి తీసి పెట్టండి. రోజూ చూసే కళ్లకు మార్పు తెలియదు, రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.